పైసా పెట్టుబడి లేదు సరే, గంటలు ఎవరి ఖాతాలో రాశారు?

ఎడిటర్ గారికి నమస్కారం అండి.

మీ ఆదివారం అనుబంధంలో పాత ఫర్నిచర్‌ని కొత్తగా మార్చి అమ్ముకుంటున్న వాళ్ల మీద వేసిన కథనం చదివాను. ఫోటోలు చాలా బాగున్నాయి, ఆ నీలం రంగు అల్మరా అయితే ఇంకా కళ్లముందే ఉంది. కానీ కథనం పొడుగునా "పైసా పెట్టుబడి లేకుండా", "ఖాళీ టైమ్‌లో", "ఇంట్లో కూర్చునే" అని ఒకటే పాట. నేను కూడా ఇదే పని చేస్తూ చేతితో చేసిన వస్తువులు అమ్మే చిన్న షాపు ఒకటి నడుపుకుంటున్న మనిషిని. అందుకే ఊరుకోలేక రాస్తున్నా. ఉత్తరం పొడుగైతే కత్తిరించుకోండి, గంటల లెక్క గురించి చెప్పిన ముక్క మాత్రం ఉంచండి, ఎందుకంటే నేను చెప్పదల్చుకుంది అదొక్కటే. చేతిపనిలో పెట్టుబడి అంటే టైమే, ఆ టైమ్‌ని ధరలో కలపకపోతే అయితే చేసేవాళ్లు మునుగుతారు, లేదంటే ఏదో ఒక స్టెప్పు ఎగ్గొట్టి కొనేవాళ్ల నెత్తిన రుద్దుతారు.

మీ కథనంలో "ఊగిపోతున్న పాత కుర్చీని బాగు చేసి రంగులేసి" అని ఒక్క వాక్యంలో తేల్చేశారు కదా, ఆ ఒక్క వాక్యంలో ఏముందో చెప్తాను వినండి. కుర్చీ ఊగుతోంది అంటే కూసాలు, అంటే బెజ్జంలో దూరే కర్ర కొసలు, వదులయ్యాయి అని అర్థం, లోపల పాత జిగురు ఎండి పొడైపోయి ఉంటుంది. చాలామంది చేసేది ఏంటంటే ఆ సందులో కాస్త ఫెవికాల్ పోసి, పక్కనుంచి ఒక స్క్రూ బిగించి, పైన పుట్టీ పెట్టి రంగు కొట్టేయడం. అమ్మేదాకా బ్రహ్మాండంగా నిలబడుతుంది. తర్వాత ఊగుతుంది, ఈసారి ఆ స్క్రూ దగ్గర చెక్క చీలుతుంది కూడా. కొత్త జిగురు పాత జిగురు మీద పట్టదండి, దానికి చెక్క తగలాలి. కాబట్టి పద్ధతిగా చేయాలంటే మొత్తం కుర్చీని విప్పాలి, విప్పేముందు ప్రతి కాలుకీ ప్రతి అడ్డకర్రకీ గుర్తు రాసుకోవాలి, ఎందుకంటే చేత్తో చేసిన పాత కుర్చీల్లో ఒక కర్ర ఉండాల్సిన చోట ఇంకోటి కూర్చోదు. తర్వాత ప్రతి కూసం మీదా, బెజ్జం లోపలా పాత జిగురు గీకాలి. పూర్వం వాడిన సరేసు (జంతువుల తోలు, ఎముకల నుంచి తీసే జిగురు) అయితే వేడి నీళ్లకి మెత్తబడి వచ్చేస్తుంది, అది ఆ కాలం వాళ్లు మనకి చేసిన పెద్ద ఉపకారం. ఈ మధ్య వాడే తెల్ల జిగురైతే ఉలితో ఓపిగ్గా గీకడమే. అదయ్యాక జిగురు పెట్టి, చదునైన నేల మీద నాలుగు కాళ్లూ ఆనుతున్నాయా చూసి, ఈ మూల నుంచి ఆ మూలకి తాడు పెట్టి రెండు కొలతలూ ఒక్కటేనా చూసి, క్లాంపులు (అతుకుల్ని నొక్కి పట్టే బిగింపులు) బిగించి మర్నాటిదాకా ముట్టుకోకూడదు. ఇంతా చేసి చూస్తే కుర్చీ పైకి ముందెలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంటుంది! రంగు సంగతి ఇంకా మొదలే కాలేదు. ఫోటోలో కనపడే పని మొత్తం దీని తర్వాతదే, అందుకే ఈ భాగానికి ఎవరూ డబ్బులు అడగరు, అడిగితే ఎవరూ ఇవ్వరు.

ఇక పాలిష్ తీయడం. సాండ్‌పేపర్ 80 నంబరుతో మొదలుపెట్టి 120, 180, 220 అంటూ పోతాం, మధ్యలో ఒకటి వదిలేస్తే ముందు నంబరు గీతలు పోవు, రంగు పట్టించాక బయటపడతాయి. మీద వెనీర్, అంటే అతికించిన పల్చటి మంచి చెక్క పొర, ఉంటే ఇంకా భయం, ఈ కాలం వెనీర్ అర మిల్లీమీటరు దగ్గర ఉంటుంది, మెషీన్ ఒక్కచోట రెండు క్షణాలు ఎక్కువ ఆగితే కింద చెక్క తెల్లగా పలకరిస్తుంది, ఇక దాన్ని దాచడానికి ఏ మందూ లేదు. పాత పాలిష్ ఏంటో తెలుసుకోకుండా గీకుడు మొదలుపెట్టడం కూడా దండగ పని. కనపడని మూల స్పిరిట్‌లో ముంచిన దూది పెట్టి చూస్తే లక్క పాలిష్ అయితే కరిగి జిగట జిగటగా వచ్చేస్తుంది, అలాంటప్పుడు గీకాల్సిన పనే లేదు, స్పిరిట్‌తోనే సర్దుబాటు చేయొచ్చు. మంచి టేకు బల్ల మీద లక్క పాలిష్ ఉంటే దాన్ని పీకేసి చాక్ పెయింట్ (మెరుపు లేని సుద్దలాంటి రంగు) పూసేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది, అది వేరే ఉత్తరం, ఇప్పుడొద్దు.

స్టెప్పులు ఎగ్గొడతారు అన్నాను కదా, అందులో ఘోరమైనది పాత రంగు విషయం. పాత పెయింట్లలో సీసం ఉండేది, రంగు మెరవడానికీ తొందరగా ఆరడానికీ కలిపేవాళ్లు. అమెరికాలో ఇళ్లకి వాడే పెయింట్లలో 1978లో నిషేధించారు, మన దేశంలో 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90 భాగాలు) దాటకూడదు అనే రూల్ 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంటే మీ కథనంలో చెప్పిన "తాతగారి కాలం నాటి" అల్మరాలో ఏ పొరలో ఏముందో చూస్తే తెలిసేది కాదు. దాన్ని పొడిగా సాండింగ్ చేస్తే ఆ దుమ్ము నేల మీద, కర్టెన్ల మీద, పాకే పిల్లల చేతుల మీద పడుతుంది. పిల్లల మెదడుకి సీసం కొంచెమైనా మంచిది కాదు, ఇంత వరకూ పర్లేదు అనే హద్దు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్తోంది. చేయాల్సింది ఏంటంటే ముందు టెస్ట్ చేయాలి, అనుమానం ఉంటే తడిపి గీకాలి, మంచి మాస్క్ పెట్టుకోవాలి, తుడిచిన గుడ్డలూ చెత్తా విడిగా మూట కట్టాలి, చీపురుతో ఊడవకూడదు. వీటన్నిటికీ టైమ్ కావాలి. మీ ఫోటోల్లో ఒకావిడ మాస్క్ లేకుండా సాండర్ పట్టుకుని నవ్వుతూ నిలబడ్డారు, పక్కనే పిల్లాడు. ఫోటో కోసమే నిలబడి ఉండొచ్చు, కానీ చూసిన వాళ్లు అలాగే చేస్తారండి.

ప్యాలెట్ కర్ర సంగతీ అంతే. సరుకుల కింద వచ్చే ఆ చెక్క ఫ్రేములు ఊరికే దొరుకుతాయి కాబట్టి అందరూ వాటితో టీపాయ్‌లు, మొక్కల స్టాండ్లు చేసేస్తున్నారు, బానే ఉంటాయి. కానీ దేశాలు దాటే ప్యాలెట్ మీద ఒక ముద్ర ఉంటుంది, అందులో హెచ్‌టీ అని ఉంటే వేడి పెట్టి పురుగు చంపారు అని, చెక్క మధ్య భాగం కూడా 56 డిగ్రీలకి వచ్చి కనీసం 30 నిమిషాలు ఉండాలి అన్నది రూల్. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విష వాయువు పట్టించారు అని, దాన్ని ఇంట్లోకి తేకుండా ఉండటం మేలు. ముద్రే లేకపోతే దాని చరిత్ర మనకి తెలియదు, పైగా దాని మీద ఏం ఒలికిందో అసలే తెలియదు. ఆ ముద్ర చూడటానికి అర నిమిషం పట్టదు, ఐనా చూసేవాళ్లు తక్కువ. మేకులు పీకడానికి మాత్రం పూట గడిచిపోతుంది, ఆ మేకులు చెక్కలోకి మెలితిరిగి దిగి ఉంటాయి, పీకబోతే పలకలు విరుగుతాయి. ఊరికే వచ్చిన చెక్క అంటే ఇదన్నమాట.

ఇంకొకటి కూడా రాయాలి, ఎందుకంటే మీరు "చివరగా అవిసె నూనెతో తుడిస్తే సరి" అని రాసి వదిలేశారు. అవిసె నూనె ఆరేటప్పుడు గాలిలో ఆక్సిజన్‌తో కలిసి వేడి పుట్టిస్తుంది. చెక్క మీద పల్చగా పూసినప్పుడు ఆ వేడి పోతుంది, నూనె తుడిచిన గుడ్డని ఉండ చుట్టి మూలన పడేస్తే వేడి బయటికి పోయే దారి లేక లోపల్లోపల పెరిగి దానంతట అదే అంటుకుంటుంది, అగ్గిపుల్ల అక్కర్లేదు. 1991 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియాలో వన్ మెరిడియన్ ప్లాజా అనే 38 అంతస్తుల బిల్డింగ్ తగలబడింది, ముగ్గురు ఫైర్ సిబ్బంది చనిపోయారు. చెక్క పని చేసినవాళ్లు అవిసె నూనె గుడ్డలు వదిలేసి వెళ్లడమే దానికి కారణమని తేల్చారు. కాబట్టి ఆ గుడ్డల్ని విప్పి పరిచి ఆరుబయట ఆరేయాలి, లేదా నీళ్లలో ముంచి మూతున్న ఇనుప డబ్బాలో పెట్టాలి. ఇది ఒక్క లైను అండి, మీ కథనంలో పట్టేది.

సరే ఇప్పుడు డబ్బుల దగ్గరికి వద్దాం. చేసేవాళ్లు ధర ఎలా కడుతున్నారంటే సామానుకి ఎంతయిందో చూసుకుని, దాని మీద ఇంత అని వేసుకుని, పక్కవాళ్లు ఎంతకి అమ్ముతున్నారో చూసి ఇంకొంచెం తగ్గించి పెడుతున్నారు. గంటలు ఎక్కడా లేవు. సామాను ఊరికే వచ్చింది కాబట్టి ఎంతొచ్చినా లాభమే అనుకుంటారు. లెక్క తిరగేసి చూడండి, ఒక వస్తువు మీద పెట్టిన గంటలన్నీ రాసుకోండి, తేవడానికి వెళ్లిన టైమ్, తుడవడం, ఎండబెట్టడానికి బయట పెట్టి లోపల పెట్టడం, ఫోటోలు తీయడం, "లాస్ట్ ప్రైస్ ఎంత" అనే మెసేజ్‌లకి జవాబులివ్వడం, అన్నీ. వచ్చిన డబ్బులోంచి సామాను, కరెంటు, అరిగిన బ్లేడ్లు, కమీషన్, ప్యాకింగ్ తీసేసి మిగిలినదాన్ని ఆ గంటలతో భాగించండి. ఆ వచ్చిన అంకె మీకు మీరు ఇచ్చుకుంటున్న కూలి. ఆ కూలికి వేరేవాళ్ల దగ్గర పని చేయమంటే చేస్తారా అని అడిగితే నాకు తెలిసినవాళ్లలో చాలామంది నవ్వేస్తారు, ఆ నవ్వు నాకు నచ్చదు.

కొనేవాళ్లు ఫ్యాక్టరీ వస్తువుతో పోలుస్తారు, వాళ్లనీ తప్పుపట్టలేం, వాళ్ల జేబు వాళ్లది. కానీ ఈ గొడవ ఇవాళ్టిది కాదు. ఇంగ్లాండ్‌లో విలియం మోరిస్ అనే డిజైనర్ 1861లో స్నేహితులతో కలిసి కంపెనీ పెట్టి మెషీన్ల చవక సరుకు వద్దు, చేత్తో చేసిన అందమైన వస్తువులు మామూలు ఇళ్లలో ఉండాలి అన్నాడు, ఆయన మనసు మంచిదే. కానీ శ్రద్ధగా చేత్తో చేసి, చేసినవాడికి కూలి ఇస్తే ధర పెరిగింది, చివరికి కొన్నది డబ్బున్నవాళ్లే, ఆ సంగతి ఆయన్ని బాగానే బాధపెట్టింది. 150 ఏళ్లు దాటినా ఆ లెక్క మారలేదు. చేతిపని చవగ్గా దొరుకుతోంది అంటే రెండే దారులు, గంటలు మింగేశారు లేదా స్టెప్పులు మింగేశారు.

క్రోషే చూడండి. స్వెట్టర్ అల్లిక మెషీన్ మీద అవుతుంది గానీ అసలు సిసలు క్రోషేకి ఫ్యాక్టరీల్లో నడిచే మెషీన్ ఇప్పటికీ లేదు, ఒక్కో ముడీ కొక్కెంతో ఎవరో ఒకరు వేయాల్సిందే. కాబట్టి ఎక్కడైనా నిజం క్రోషే టాప్ అతి చవగ్గా వేలాడుతుంటే అది చేసిన మనిషి చేతికి ఎంత చేరిందో మనం ఊహించుకోవచ్చు. ఇంట్లో కూర్చుని క్రోషే బొమ్మలు చేసి అమ్మే అమ్మాయి ఆ ధరతో పోటీ పడాలని చూస్తుంది, పాపం. సబ్బులు చేసేవాళ్లదీ ఇంతే, కోల్డ్ ప్రాసెస్ సబ్బు (ఉడికించకుండా చేసేది) అచ్చులో పోశాక నాలుగు నుంచి ఆరు వారాలు అరల మీద ఆరాలి, అంటే ఆ చోటు, ఆ పెట్టిన డబ్బు అన్నాళ్లు ఇరుక్కుపోయి ఉంటాయి. అది పెట్టుబడి కాదా?

షాపు సంగతి మీ కథనంలో రెండు వాక్యాల్లో అయిపోయింది, "ఆన్‌లైన్‌లో పెడితే చాలు ఆర్డర్లే ఆర్డర్లు" అని. ఆన్‌లైన్‌లో మన షాపు ఉన్నది పరాయి స్థలంలో, అద్దె వాళ్ల ఇష్టం. చేతివస్తువుల కోసమే 2005లో మొదలైన ఎట్సీ 2022 ఏప్రిల్‌లో అమ్మకం మీద తీసుకునే ఫీజుని 5 శాతం నుంచి 6.5 శాతానికి పెంచింది, అప్పుడు అమ్మేవాళ్లు వారం పాటు షాపులు మూసి సమ్మె కూడా చేశారు, ఫీజు మాత్రం తగ్గలేదు. వేరే షాపుకి హోల్‌సేల్ ఇద్దామంటే వాళ్లు దాదాపు అమ్మే ధరలో సగానికి అడుగుతారు, అది అన్యాయం అని నేను అనను, వాళ్లకీ అద్దె, మనుషులు, మిగిలిపోయిన సరుకు ఉంటాయి, నేనూ అదే సీట్లో కూర్చున్నా కాబట్టి తెలుసు. కానీ గంటలు కలపకుండా ధర కట్టినవాళ్లు ఆ సగం దగ్గర నేరుగా నష్టంలోకి పోతారు. హోల్‌సేల్‌కి ఇచ్చినా కూలి మిగిలేలా మొదట్లోనే ధర పెట్టుకోవాలి, తర్వాత పెంచుదాంలే అంటే పెంచనివ్వరు, మొదటి ధర కొనేవాళ్ల బుర్రలో మేకులా దిగిపోతుంది.

ఫర్నిచర్‌కి ఇంకో తంటా, రవాణా. ఇది చాలామందికి మొదటి పెద్ద ఆర్డర్ వచ్చాక గానీ తెలియదు, బల్ల ధర కంటే బల్లని పంపే ఖర్చు ఎక్కువ అవుతుంది. 1859లో వియన్నాలో థోనెట్ కంపెనీ తెచ్చిన నంబర్ 14 కుర్చీ ప్రపంచమంతా అమ్ముడుపోవడానికి ఆ వంచిన కర్ర అందం ఒక్కటే కారణం కాదు, ఆరు కర్ర ముక్కలు, పది స్క్రూలు, రెండు నట్లు అంతే, విప్పేసి సర్దితే ఒక్క ఘనపు మీటరు పెట్టెలో 36 కుర్చీలు పట్టేవి, అక్కడికెళ్లాక బిగించుకునేవాళ్లు. పాత వస్తువుని బాగు చేసేవాళ్లకి ఆ వెసులుబాటు లేదు, కానీ కాళ్లు జిగురుతో కాకుండా బోల్టుతో పెడితే విప్పి పంపొచ్చు కదా, ఆ ఆలోచన పని మొదలుపెట్టేటప్పుడే రావాలి. పెద్దవి చుట్టుపక్కల అమ్ముకుని, దూరం పంపేవి చిన్నవి పెట్టుకోవడం నేను చేసే పద్ధతి, పాత సొరుగుల నుంచి చేసిన గోడ అరలు, మిగిలిన ముక్కల నుంచి కీ హోల్డర్లు, ట్రేలు. నిజం చెప్పాలంటే షాపు అద్దె కట్టేది ఆ చిన్నవే, ఎదురుగా పెట్టిన పెద్ద అల్మరా మనుషుల్ని లోపలికి పిలవడానికి.

ఏది తీసుకోవాలి ఏది వద్దు అనేది కూడా గంటల లెక్కే. పార్టికల్ బోర్డ్ తడిసి ఉబ్బిందంటే అది ఇక బాగుపడదు, అది అసలు చెక్క పలకే కాదు, రంపప్పొట్టు జిగురుతో కలిపి నొక్కినది, స్క్రూ పట్టదు, అంచులు రాలిపోతాయి, దాని మీద ఎంత కష్టపడినా కష్టం వృథా. చిన్న చిన్న గుండ్రటి బెజ్జాలు, కింద పిండిలాంటి పొడి రాలుతుంటే లోపల పుచ్చు పురుగు ఉన్నట్టు, దాన్ని మిగతా సామాను పక్కన పెట్టడమే ప్రమాదం. సొరుగు బయటికి లాగి పక్కన చూడండి, అతుకు చేతివేళ్లు ఒకదాంట్లో ఒకటి దూర్చినట్టు కోసి ఉంటే ఆ వస్తువు మీద టైమ్ పెట్టొచ్చు, స్టాప్లర్ పిన్నులు కనపడితే ఆలోచించుకోవాలి. ఊరికే ఇస్తున్నారు కదా అని అన్నీ మోసుకొచ్చి గోడౌన్ నింపుకున్నవాళ్లు, చివరికి వాటిని పడేయడానికి ఎదురు డబ్బులిచ్చిన వాళ్లు ఉన్నారు. చూసి వద్దని చెప్పడం కూడా ఈ పనిలో ఒక నైపుణ్యమే, దాని గురించి ఎవరూ రాయరు.

సరదాగా చేసుకునేవాళ్లని నేను ఆపట్లేదు అండి, సెలవు రోజు పాత స్టూలుకి రంగేసుకుంటే హాయిగా ఉంటుంది, దానికి లెక్క అక్కర్లేదు. కానీ సరదాకి చేసింది సామాను ఖర్చుకే అమ్మేస్తే, పక్కనే దాని మీదే బతికే మనిషి ధర ఎక్కువ చెప్తున్నట్టు కనపడుతుంది. ఇది చెప్తే కొంతమంది నొచ్చుకుంటారు, తెలుసు. పని నేర్చుకునే దశలో ఉంటే స్నేహితులకి ఊరికే ఇచ్చేయండి, లేదా అమ్మితే పూర్తి ధరకి అమ్మండి. మధ్యలో ఆ సగం ధర అందరికీ చేటు.

అందుకే మీకు ఒక విన్నపం. ఈసారి ఇలాంటి కథనం రాయడానికి మీ విలేఖరి వెళ్లినప్పుడు "నెలకి ఎంత సంపాదిస్తున్నారు" అని అడిగి ఆగిపోకుండా, ఆ డబ్బులోంచి ఖర్చులు తీసేశారా, ఆ నెలలో ఎన్ని గంటలు పని చేశారు, ఇంట్లో ఇంకెవరి చేతులు పడ్డాయి, పాత రంగు ఎలా తీశారు, నూనె గుడ్డలు ఏం చేశారు అని కూడా అడగమనండి. చెప్పగలిగినవాళ్లు చాలామందే ఉన్నారు, ఎవరూ అడగక చెప్పట్లేదు అంతే. ఎవరైనా గంటలు లెక్క పెట్టుకోలేదు అంటే ఆ మాట కూడా ఉన్నది ఉన్నట్టు వేయండి, "పైసా పెట్టుబడి లేకుండా" అనే హెడ్డింగ్ కింద వేసినా నాకు అభ్యంతరం లేదు.

ఇట్లు,
చిన్న షాపు నడుపుకునే మీ పాఠకురాలు